తాళం మంచిదే, తాళంచెవి ఎక్కడ?

డెస్క్‌టాప్ డేటాబేసు ఫైళ్ళ గోప్యత కథ

మన సంఘం సభ్యుల జాబితా ఒకప్పుడు అట్ట రిజిస్టరులో ఉండేది. పేరు, ఆఖరున పనిచేసిన ఆఫీసు, పదవీ విరమణ తేదీ, పి.పి.ఓ. నంబరు, ఇంటి చిరునామా, అంతే. రిజిస్టరు బీరువాలో ఉండేది, బీరువా తాళంచెవి కార్యదర్శి గారి జేబులో ఉండేది. ఇప్పుడు ఆ వివరాలకు బ్యాంకు ఖాతా నంబరు, ఆధార్ నంబరు, సెల్‌ఫోను నంబరు, కుటుంబ పెన్షనుకు అర్హులైనవారి పేర్లు తోడయ్యాయి. అన్నీ కలిసి కంప్యూటరులో ఒక ఫైలుగా ఉంటున్నాయి. రిజిస్టరును ఎవరైనా ఎత్తుకుపోతే తెల్లారేసరికి తెలుస్తుంది. ఫైలు పోతే తెలియదు. అసలు ఎక్కడిదక్కడే ఉంటుంది, నకలు మాత్రం బయటికి పోతుంది.

ఇటీవలి సంవత్సరాలలో మోసగాళ్ళు పెన్షనర్లకు ఫోను చేసి, పి.పి.ఓ. నంబరుతో సహా పదవీ విరమణ తేదీ చెప్పి, లైఫ్ సర్టిఫికెట్ పేరుతో ఓ.టి.పి. అడుగుతున్న సంగతి మనకందరికీ తెలిసిందే. మన వివరాలు సరిగా చెప్పగలిగినవాడిని మనం నమ్ముతాం. కాబట్టి ఆ వివరాలున్న ఫైలుకు తాళం వేయడం ఇంటికి తాళం వేయడం వంటిదే.

ఆ విద్యను ఎన్‌క్రిప్షన్ అంటున్నారు. ఒక రహస్య సంఖ్య సాయంతో ఫైలులోని అక్షరాలను, అంకెలను గుర్తుపట్టరాకుండా మార్చడమే ఎన్‌క్రిప్షన్. తిరిగి యథాస్థితికి తేవడం డీక్రిప్షన్. మాటలు కొత్తవి గాని ఇందులోని ప్రశ్నలు పాతవే. తాళం ఎంత గట్టిది? తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? ఈ ఫైళ్ళ చరిత్రలో అందరూ మొదటి ప్రశ్ననే పట్టుకున్నారు. దెబ్బ తగిలింది మాత్రం రెండోదాని దగ్గర. అది ఎలా జరిగిందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మనకు తెలిసిన డబుల్ లాక్

ట్రెజరీ శాఖలో పనిచేసిన సోదరులకు డబుల్ లాక్ సంగతి చెప్పనక్కరలేదు. ఇతర శాఖలవారి కోసం, ఈ సంచిక చదివే పిల్లల కోసం రెండు మాటలు చెబుతాను. స్టాంపులు, విలువైన కాగితాలు, సీలు వేసిన పెట్టెలు స్ట్రాంగ్ రూములో ఉండేవి. వాటికి రెండు వేర్వేరు తాళాలు. ఒక చెవి ట్రెజరీ అధికారి దగ్గర, రెండోది షరాబు దగ్గర. ఒక్కరు వెళితే తెరుచుకోదు, ఇద్దరూ వెళ్ళాలి. డూప్లికేటు చెవులను వాటి తాళాల పక్కనే ఉంచరు, సీలు వేసి వేరే చోట భద్రపరుస్తారు. అధికారి బదిలీ అయితే ఛార్జి అప్పగింతలో తాళంచెవుల ప్రస్తావన తప్పనిసరి.

రహస్య ఉత్తరాల విషయంలోనూ ఇంతే జాగ్రత్త. లోపలి కవరు మీద 'రహస్యం' అని రాసి సీలు వేసేవారు. పైకవరు మీద చిరునామా తప్ప ఇంకేమీ ఉండేది కాదు. లోపల రహస్యం ఉందన్న సంగతి కూడా తపాలా బంట్రోతుకు తెలియకూడదన్నమాట.

ఈ నిబంధనలు రాసినవారు కంప్యూటరును చూసి ఉండరు. అయినా తాళానికి, తాళంచెవికి మధ్య దూరం ఉండాలని వారికి తెలుసు. చెవి పోతే ఏం చేయాలో కూడా ముందే ఆలోచించారు. ఈ రెండు మాటలూ గుర్తుంచుకుంటే తరువాతి కథ సులభంగా అర్థమవుతుంది.

గూఢలిపి మనకు కొత్త కాదు

వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగు కళల్లో మ్లేచ్ఛిత వికల్పం ఒకటి. తమవారికి తప్ప ఇతరులకు అర్థం కాకుండా రాసే, మాట్లాడే నేర్పు అది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో గూఢచారుల వార్తలు సంజ్ఞాలిపిలో నడవాలన్న మాట ఉంది. రోములో జూలియస్ సీజరు ప్రతి అక్షరానికీ బదులు దాని తరువాత మూడో అక్షరాన్ని రాసేవాడని చరిత్రకారులు చెప్పారు.

ఇటువంటి లిపులను ఛేదించే మార్గాన్ని తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న అల్ కిందీ అనే పండితుడు రాసిపెట్టాడు. ఏ భాషలోనైనా కొన్ని అక్షరాలు ఎక్కువసార్లు, కొన్ని తక్కువసార్లు వస్తాయి. గూఢలిపిలో ఏ గుర్తు ఎక్కువసార్లు వచ్చిందో లెక్కబెడితే అది ఏ అక్షరమో ఊహించవచ్చు. వట్టి లెక్కతోనే రహస్యం బయటపడుతుంది.

1883లో ఆగస్ట్ కెర్కాఫ్స్ ఒక సూత్రం చెప్పాడు. ఆయన హాలండులో పుట్టి ఫ్రాన్సులో ఉపాధ్యాయుడిగా ఉన్నవాడు. గూఢలిపి పద్ధతి మొత్తం శత్రువు చేతిలో పడినా నష్టం రాకూడదన్నాడు. రహస్యంగా ఉంచవలసింది తాళంచెవి ఒక్కటే. తాళం ఎలా తయారైందో ఎవరికీ తెలియదు కదా అన్న ధీమాతో ఉండకూడదని దీని సారాంశం. కొత్తగా వచ్చిన కంప్యూటరు కంపెనీలు ఈ సూత్రాన్ని ఎంత తేలికగా తీసుకున్నాయో ముందు ముందు చూస్తాం.

చేతిలెక్కతో ఒక ఉదాహరణ

1917లో అమెరికన్ టెలిఫోను, టెలిగ్రాఫు కంపెనీ ఇంజనీరు గిల్బర్ట్ వెర్నమ్ టెలిప్రింటరు సందేశాలకు ఒక ఉపాయం కనిపెట్టాడు. సందేశంలోని గుర్తులను మరో కాగితపు పట్టీ మీది రహస్య గుర్తులతో కలిపి పంపుతారు. అవతలివారి దగ్గర అదే పట్టీ ఉంటుంది. వారు వాటిని తీసివేస్తే అసలు సందేశం బయటికి వస్తుంది. నేటి కంప్యూటరు గూఢలిపులలో చాలావాటికి ఇదే పునాది.

మనం అంకెలతో చేసి చూద్దాం. ఒక నంబరు 4729 అనుకోండి. రహస్య సంఖ్య 3851. ఒక్కొక్క అంకెనూ కూడండి, చేతిలో మిగిలినదాన్ని వదిలేయండి. 4, 3 కలిస్తే 7. 7, 8 కలిస్తే 15, అందులో 5 మాత్రమే రాయాలి. 2, 5 కలిస్తే 7. 9, 1 కలిస్తే 10, సున్న రాయాలి. వచ్చినది 7570. ఇది ఎన్‌క్రిప్షన్. 7570 నుంచి 3851ని అంకెకు అంకె తీసివేస్తే, చాలనిచోట పది అప్పు తెచ్చుకుంటే, మళ్ళీ 4729 వస్తుంది. ఇది డీక్రిప్షన్.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఒకే రహస్య సంఖ్యను అందరి ఫైళ్ళకూ వాడారనుకోండి. అప్పుడు ఎవరైనా 0000 అనే నంబరును ఇచ్చి చూస్తే, బయటికి వచ్చేది 3851. రహస్య సంఖ్య తనంతట తానే చేతిలో పడుతుంది. వెర్నమ్ పద్ధతి నిలవాలంటే రహస్య సంఖ్య యాదృచ్ఛికంగా ఉండాలి, ఒకసారి వాడినదాన్ని మళ్ళీ వాడకూడదు. ఈ ఉదాహరణ జ్ఞాపకం ఉంచుకోండి, కొద్దిసేపట్లో దీనితో మళ్ళీ పని పడుతుంది.

తెరిచిన పుస్తకం: డీబేస్

చిన్న కంప్యూటర్లలో డేటాబేసు కథ అమెరికాలో, కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఉద్యోగి వేన్ రాట్లిఫ్‌తో మొదలవుతుంది. ఆఫీసులో ఫుట్‌బాల్ పందేల లెక్కల కోసం 1978లో ఆయన ఇంట్లో కూర్చుని ఒక ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టాడు. దానికి వల్కన్ అని పేరు పెట్టాడు. జార్జ్ టేట్, హాల్ లాష్లీ అనే వ్యాపారులు దాన్ని తీసుకుని డీబేస్ టూ అనే పేరుతో అమ్మారు. డీబేస్ వన్ అనేది ఎన్నడూ లేదు. 'రెండు' అంటే మెరుగుపడిన సరుకు అనిపిస్తుందని ఆ పేరు. కంపెనీకి యాష్టన్ టేట్ అని పేరు పెట్టారు. యాష్టన్ అనే భాగస్వామి కూడా లేడు.

1984లో డీబేస్ త్రీ, ఆ తరువాత డీబేస్ త్రీ ప్లస్ వచ్చాయి. మన ఊళ్ళలో సందుకొకటిగా వెలసిన కంప్యూటరు శిక్షణ కేంద్రాల బోర్డుల మీద ఈ పేరు చూడనివారుండరు. డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్, ఇదే ఆనాటి పాఠ్యక్రమం. ఎన్నో ఆఫీసులలో జీతాల బిల్లులు, జి.పి.ఎఫ్. లెక్కలు దీనిలోనో, దీని అడుగుజాడలలో వచ్చిన ఫాక్స్‌ప్రోలోనో నడిచాయి.

డీబేస్ ఫైలు నిర్మాణం మన రిజిస్టరు వంటిదే. మొదట ఒక ముఖపత్రం ఉంటుంది. ఆఖరుసారి మార్చిన తేదీ, మొత్తం పద్దుల సంఖ్య, ఏ గడికి ఎంత వెడల్పు అన్నవి అందులో ఉంటాయి. ఆ తరువాత పద్దులు వరుసగా మామూలు అక్షరాలలో ఉంటాయి. తాళం అన్న మాటే లేదు. డాస్‌లో టైప్ అనే ఆజ్ఞ ఇచ్చినా పేర్లు, అంకెలు తెర మీద పారుతూ కనిపించేవి.

ఇంకో విశేషం ఉంది. ఒక పద్దును కొట్టివేస్తే అది ఫైలులోంచి పోయేది కాదు. ఆ పద్దు మొదట్లో ఒక నక్షత్రం గుర్తు మాత్రం పడేది. మనం ఎర్రసిరాతో అడ్డగీత కొట్టినట్టు. రీకాల్ అంటే తిరిగి వచ్చేది. ప్యాక్ అనే ఆజ్ఞ ఇస్తే తప్ప ఫైలులోంచి తొలగేది కాదు. చనిపోయినవారి పేరు కొట్టేశాం అనుకున్న గుమాస్తాకు, ఆ పేరు, ఖాతా నంబరు అక్షరం పోకుండా ఫ్లాపీలోనే ఉన్నాయని తెలిసేది కాదు.

అనేకమంది కలిసి వాడే చోట్ల కోసం డీబేస్ త్రీ ప్లస్‌లో ప్రొటెక్ట్ అనే ఉపకరణం వచ్చింది. పేరు, పాస్‌వర్డు అడగడం, ఫైలును గూఢలిపిలోకి మార్చడం అందులో ఉండేవి. ఒంటరి కంప్యూటరు మీద పనిచేసే చిన్న ఆఫీసులలో దాని జోలికి పోయినవారు అరుదు. ఫ్లాపీని బీరువాలో పెట్టి తాళం వేయడమే ఆనాటి భద్రత. నిజం చెప్పాలంటే అది అంత చెడ్డ పద్ధతి కూడా కాదు.

యాక్సెస్ తెచ్చిన తాళాలు

1992 నవంబరులో మైక్రోసాఫ్ట్ కంపెనీ యాక్సెస్ అనే డేటాబేసును విడుదల చేసింది. అప్పటికి ఇటువంటివి వందల డాలర్ల ధర పలుకుతుండగా దీన్ని పరిచయ ధరగా 99 డాలర్లకే ఇచ్చారు. అదే ఏడాది ఫాక్స్‌ప్రో తయారుచేసే కంపెనీని కూడా మైక్రోసాఫ్ట్ కొనేసింది. యాక్సెస్ లోపల పనిచేసే యంత్రాంగానికి జెట్ అని పేరు. పట్టికలు, నమూనా పత్రాలు, నివేదికలు అన్నీ కలిపి ఒకే ఫైలులో దాచడం దీని ప్రత్యేకత. ఒక ఫైలు చేతికి వస్తే ఆఫీసు మొత్తం చేతికి వచ్చినట్టే. అందుకే తాళాలూ అందులోనే పెట్టారు. అవి మూడు రకాలు.

మొదటిది ఎన్‌క్రిప్ట్ ఆజ్ఞ. యాక్సెస్ ఫైలు పుటలు పుటలుగా ఉంటుంది. 97 నాటి ఫైలులో పుటకు 2048 బైట్లు, 2000 నుంచి 4096 బైట్లు. ఈ ఆజ్ఞ ఇస్తే ఒక్కొక్క పుటనూ ఆర్‌సి4 అనే పద్ధతిలో గూఢలిపిగా మార్చేది. ఆర్‌సి4ను 1987లో రాన్ రివెస్ట్ రూపొందించారు. వేగంగా పనిచేస్తుందని దానికి పేరు. తాళం బాగానే ఉంది. మరి తాళంచెవి? 32 బిట్ల ఆ సంఖ్యను అదే ఫైలు మొదటి పుటలో రాసి పెట్టారు! మొదటి పుటకు కూడా ఒక ముసుగు వేశారు గాని, ఆ ముసుగు ప్రపంచంలోని యాక్సెస్ ఫైళ్ళన్నిటికీ ఒక్కటే. ఇంటికి తాళం వేసి, చెవిని గుమ్మం పైన పెట్టి, ఊరందరూ గుమ్మం పైనే పెట్టుకోవడం వంటిది ఇది.

పాస్‌వర్డు లేకుండా కేవలం ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలును యాక్సెస్ ఉన్నవారెవరైనా మామూలుగానే తెరవవచ్చు. వర్డ్ ప్రాసెసరు వంటి ఇతర ప్రోగ్రాములతో చదవకుండా ఉండేందుకే ఈ ఆజ్ఞ అని కంపెనీ సహాయ పత్రాలలోనే ఉండేది. ఆ పుట ఎవరు చదివారు? 'ఎన్‌క్రిప్ట్' అన్న పేరే చాలు, జనం నమ్మారు. 2003 నాటి యాక్సెస్‌లో ఆ ఆజ్ఞ పేరు 'ఎన్‌కోడ్' అని ఉంది. ఎన్‌కోడ్ అంటే రూపం మార్చడం, అంతకుమించి రక్షణ హామీ లేదు. పదం మారడంలోనే కంపెనీ అభిప్రాయం తెలుస్తుంది.

రెండోది డేటాబేసు పాస్‌వర్డు. ఇది యాక్సెస్ 95లో వచ్చింది. ఫైలు తెరవగానే పాస్‌వర్డు అడుగుతుంది. చూడడానికి గంభీరంగా ఉంటుంది. కాని పాస్‌వర్డు పెట్టినంత మాత్రాన లోపలి సమాచారం గూఢలిపిలోకి మారేది కాదు. తలుపు దగ్గర కాపలాదారు ఉన్నాడు, గోడలు మాత్రం గాజువి. ఫైలును బైటు బైటుగా చూపే ప్రోగ్రాముతో తెరిస్తే పేర్లు కనిపించేవి. పాస్‌వర్డును కూడా అదే ఫైలులో ఒక స్థిరమైన సంఖ్యల వరుసతో కలిపి దాచారు. ఇందాకటి 3851 జ్ఞాపకముందా? పాస్‌వర్డు లేని కొత్త ఫైలు ఒకటి తయారుచేసి ఆ చోట ఏముందో చూస్తే ఆ వరుసే కనిపించేది. అది తెలిసినవాడికి ఏ యాక్సెస్ 97 ఫైలు పాస్‌వర్డునైనా క్షణంలో చదవడం సాధ్యమైంది. యాక్సెస్ 2000లో ఆ వరుసను ఫైలు తయారైన తేదీతో ముడిపెట్టారు. ఆ తేదీ కూడా ఫైలులోనే ఉంది. పోయిన పాస్‌వర్డు చెప్పే చిన్న ప్రోగ్రాములు బజారులో అమ్మకానికి వచ్చాయి.

మూడోది వాడకందార్ల తరగతులు. ఎవరు చూడవచ్చు, ఎవరు దిద్దవచ్చు అని హక్కులు పంచే ఈ ఏర్పాటులో వాడకందార్ల పేర్లు, తరగతులు, పాస్‌వర్డులు ఒక వేరే ఫైలులో ఉండేవి. మన డబుల్ లాకుకు కొంచెం దగ్గరగా వచ్చినది ఇదొక్కటే. కాని దీన్ని సరిగా అమర్చడం నిపుణులకే కష్టంగా ఉండేది. ఆ వేరే ఫైలును కూడా చాలాచోట్ల అదే కంప్యూటరులో, అదే ఫోల్డరులో పెట్టుకునేవారు. 2007లో వచ్చిన కొత్త రకం ఫైళ్ళలో ఈ ఏర్పాటును తీసివేశారు.

గొప్ప తాళాలు పగిలిన కాలం

కంపెనీలు మాత్రమే దోషులని అనలేం. ఆ రోజుల్లో అమెరికా ప్రభుత్వం బలమైన గూఢలిపి పరికరాలను ఆయుధాల జాబితాలో చేర్చింది. విదేశాలకు అమ్మే మామూలు సాఫ్ట్‌వేరులో 40 బిట్లకు మించిన తాళంచెవి సాధారణంగా కుదిరేది కాదు. 40 బిట్లు అంటే దాదాపు 1,09,951 కోట్ల అవకాశాలు. మనకు పెద్ద సంఖ్యే, కంప్యూటరుకు కాదు. 2000 సంవత్సరంలో ఈ ఆంక్షలను బాగా సడలించారు. అయితే ఒకటి గమనించాలి. పాత యాక్సెస్ ఫైలు బలహీనత తాళంచెవి పొట్టిదనంలో లేదు, అది ఫైలులోనే ఉండడంలో ఉంది. ఎంత పొడుగు చెవి అయినా గుమ్మం పైన పెడితే ఒక్కటే.

ఈలోగా ఇతర తాళాలకూ పరీక్షలు వచ్చాయి. రహస్యంగా ఉంచిన ఆర్‌సి4 పద్ధతిని 1994లో ఎవరో పేరు చెప్పకుండా బయటపెట్టారు. అమెరికా ప్రభుత్వం 1977లో ప్రమాణంగా ప్రకటించిన డీఈఎస్ అనే గూఢలిపికి 56 బిట్ల చెవి. అంటే సుమారు 720 కోట్ల కోట్ల అవకాశాలు. 1998 జులైలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ రెండున్నర లక్షల డాలర్ల లోపు ఖర్చుతో ఒక యంత్రాన్ని కట్టి, 56 గంటలలో ఆ చెవిని కనిపెట్టింది.

అప్పుడు అమెరికా ప్రమాణాల సంస్థ చేసిన పని మెచ్చుకోదగ్గది. కొత్త గూఢలిపి కోసం 1997లోనే ప్రపంచం మొత్తానికి బహిరంగ పోటీ పెట్టింది. వచ్చిన పద్ధతులన్నిటినీ అందరి ముందూ ఉంచి, తప్పులు పట్టమని పండితులను ఆహ్వానించింది. బెల్జియం దేశస్థులు జోన్ డేమెన్, విన్సెంట్ రైమెన్ రూపొందించిన పద్ధతిని 2000లో ఎంపిక చేసి, 2001 నవంబరులో ఏఈఎస్ అనే పేరుతో ప్రమాణంగా ప్రకటించింది. దానిలో అతి చిన్న తాళంచెవి 128 బిట్లు. అవకాశాల సంఖ్య రాయాలంటే 39 అంకెలు కావాలి. ఈ పద్ధతిలో రహస్యం ఏదీ లేదు, ఎవరైనా పుస్తకం తెరిచి నేర్చుకోవచ్చు. రహస్యం చెవి ఒక్కటే. 1883లో కెర్కాఫ్స్ చెప్పిన మాట అమలులోకి వచ్చింది.

2007 తరువాత

యాక్సెస్ 2007తో ఫైలు రూపమే మారింది. ఎండిబి పోయి ఏసిసిడిబి అనే తోక వచ్చింది. పాస్‌వర్డు వేరు, ఎన్‌క్రిప్షన్ వేరు అన్న గందరగోళం తీసేసి, రెండింటినీ కలిపి 'ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్' అనే ఒకే ఆజ్ఞగా చేశారు. అసలు మార్పు లోపల జరిగింది. తాళంచెవిని ఫైలులో దాచడం మానేశారు. మనం ఇచ్చే పాస్‌వర్డు నుంచే చెవిని అప్పటికప్పుడు తయారుచేస్తారు. యాక్సెస్ 2010 నుంచి ఏఈఎస్ వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు ఫైలు దొంగ చేతిలో పడినా అందులో చెవి ఉండదు. చెవి మన తలలో ఉంటుంది.

ఈ తాళం వేయాలన్నా, తీయాలన్నా ముందు ఫైలును 'ఓపెన్ ఎక్స్‌క్లూజివ్' పద్ధతిలో, అంటే మరెవరూ వాడకుండా మనమొక్కరమే తెరవాలి. స్టాకు తనిఖీ రోజున కౌంటరు మూసినట్టు. ఫైలు మెనూలోని ఇన్ఫో పుటలో ఆజ్ఞ ఉంటుంది. తాళం వేసిన తరువాత అదేచోట 'డీక్రిప్ట్ డేటాబేస్' అని కనిపిస్తుంది. పాత పాస్‌వర్డు ఇస్తే ఫైలు మళ్ళీ మామూలుదవుతుంది.

ఇవతలి వైపు కష్టం

ఇంతవరకు దొంగ గురించి చెప్పుకున్నాం. ఇప్పుడు ఇంటివారి గురించి.

నాకు పరిచయమున్న ఒక కుటుంబంలో జరిగిన సంగతి ఇది. ఇంటి పెద్దాయన క్రమశిక్షణ గల మనిషి. పొదుపు పత్రాలు, బీమా, ఇంటి పన్ను, చేబదుళ్ళు అన్నీ ఒక యాక్సెస్ ఫైలులో రాసి, పాస్‌వర్డుతో ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచారు. పాస్‌వర్డు ఎవరికీ చెప్పలేదు. గుండెపోటుతో హఠాత్తుగా పోయారు. ఆవిడకు ఫైలు ఉందని తెలుసు. బెంగుళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే పెద్దబ్బాయి వచ్చి పుట్టినరోజులు, పెళ్ళిరోజు, దేవుళ్ళ పేర్లు అన్నీ వేసి చూశాడు. తెరుచుకోలేదు. చివరికి ట్రంకుపెట్టెలోని రసీదులు, పాసుపుస్తకాలు తిరగేసి ఒక్కొక్కటీ కూర్చుకున్నారు. ఏడాదికి పైగా పట్టింది. అంతా దొరికిందో లేదో ఇప్పటికీ ఆవిడకు తెలియదు.

పాస్‌వర్డు మరిచిపోతే తాము కూడా తెరిచి ఇవ్వలేమని కంపెనీ స్పష్టంగానే చెబుతోంది. పాత తాళమైతే బజారు ప్రోగ్రాముతో క్షణంలో తెరుచుకునేది. అంటే దొంగకు లొంగిన తాళం వారసుడికీ లొంగేది, దొంగకు లొంగని తాళం వారసుడికీ లొంగదు. లెక్కకు దొంగ ఎవరో, భార్య ఎవరో తెలియదు. ఆ తేడా మనమే ముందుగా ఏర్పాటు చేయాలి. ట్రెజరీలో డూప్లికేటు చెవులను సీలు వేసి వేరే చోట ఉంచింది ఇందుకే.

మనం చేయదగినవి

ఈ చరిత్ర నుంచి సభ్యులకు, మన శాఖల కార్యదర్శులకు పనికివచ్చే నాలుగు మాటలు.

ఒకటి. ఎండిబి తోక ఉన్న పాత ఫైలుకు పాస్‌వర్డు ఉన్నా, తాళం లేనట్టే లెక్క. డీబేస్, ఫాక్స్‌ప్రో ఫైళ్ళదీ అదే పరిస్థితి. వాటిలోని సమాచారాన్ని ఏసిసిడిబి ఫైలులోకి మార్చి, ఎన్‌క్రిప్ట్ చేసి, సరిగా తెరుచుకుంటోందని చూసుకున్న తరువాతే పాతవాటిని తీసివేయాలి. మూలనపడిన ఫ్లాపీలు, సీడీలు, పెన్‌డ్రైవులు మరవకండి. 'తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని' అన్నట్టు, కొత్త ఫైలుకు తాళం వేసి పాత నకలును బల్లమీద వదిలేయడం లోకంలో మామూలు. ఎక్సెల్‌లో షీటుకు ప్రొటెక్ట్ పెట్టడం కూడా ఎన్‌క్రిప్షన్ కాదని గ్రహించాలి.

రెండు. పాస్‌వర్డు పొడుగ్గా ఉండాలి. ఏఈఎస్ ఎంత గట్టిదైనా, పాస్‌వర్డు మనవరాలి పేరైతే దొంగకు 39 అంకెల సంఖ్యతో పనిలేదు, పేర్ల జాబితా చాలు. పొంతన లేని నాలుగైదు తెలుగు మాటలు వరుసగా ఇంగ్లీషు అక్షరాలలో రాస్తే మనకు గుర్తుంటుంది, ఇతరులకు అందదు.

మూడు. ఆ పాస్‌వర్డును కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి, అడ్డంగా సంతకం చేసి, కంప్యూటరు ఉన్న గదిలో కాక మరోచోట ఉంచాలి. ఇంటి ఫైలైతే ఆ చోటు భార్యకో భర్తకో, పిల్లలలో ఒకరికో తెలియాలి. సంఘం ఫైలైతే కవరు అధ్యక్షుల దగ్గర, కంప్యూటరు కార్యదర్శి దగ్గర ఉండాలి. కార్యవర్గం మారినప్పుడు ఛార్జి అప్పగింత కాగితంలో ఈ కవరును ఒక అంశంగా చేర్చాలి, కొత్త కార్యవర్గం పాస్‌వర్డు మార్చి కొత్త కవరు అంటించాలి. పాస్‌వర్డును కంప్యూటరు తెరకు అంటించడం, ఫైలుతో పాటు అదే వాట్సాప్ సందేశంలో పంపడం రెండూ గుమ్మం పైన చెవి పెట్టడమే.

నాలుగు. డీక్రిప్ట్ చేసిన ఫైలు తాళం తీసిన స్ట్రాంగ్ రూము వంటిది. పని కాగానే మళ్ళీ మూయాలి. కంప్యూటరు బాగుచేసే దుకాణానికి ఇచ్చే ముందు ఫైలు తాళంలో ఉందో లేదో చూసుకోవాలి. చెరిపేసిన ఫైళ్ళు రీసైకిల్ బిన్‌లో ఉంటాయనీ, అక్కడినుంచి తీసేసినా కొన్నాళ్ళు డిస్కు మీద మిగలవచ్చుననీ గుర్తుంచుకోవాలి. డీబేస్ నక్షత్రం గుర్తు నేర్పిన పాఠమే ఇది.

2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఇతరుల వివరాలు సేకరించి ఉంచేవారు వాటికి తగిన భద్రత కల్పించాలని చెబుతోంది. చట్టం చెప్పకపోయినా ఆ బాధ్యత మనది. సర్వీసులో ఉన్నంతకాలం ప్రభుత్వ ఖజానా చెవి మొలతాడుకు కట్టుకుని తిరిగినవారు మనలో ఉన్నారు. ఒక్క స్టాంపు తగ్గినా జవాబు చెప్పుకున్నాం. ఇప్పుడు తోటి పెన్షనర్ల వివరాలు, మన కుటుంబాల వివరాలు మన చేతిలో ఉన్నాయి. వాటికి మంచి తాళాన్ని పండితులు తయారుచేసి ఇచ్చారు. చెవిని ఎక్కడ ఉంచాలో వారు చెప్పలేరు. ఆ పని మనకు వచ్చు. ఈ వారంలోనే ఒక కవరు, కొంచెం జిగురు సిద్ధం చేసుకోవలసిందిగా సభ్యులందరికీ మనవి.